కొబ్బరినీళ్లకూ గుండె కరెంటుకూ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక పల్లె. నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ మీద ఉన్నారు. సోమ, గురువారాల్లో చేయిస్తాం. కొబ్బరినీళ్లు తాగొద్దని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు. మాకున్నదే కొబ్బరితోట. పోయిన నెలలో ఒక ఆదివారం ఇంట్లో ఎవరం లేనప్పుడు రెండు బొండాలు కొట్టించుకుని తాగేశారు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కాయన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ చూసి అందరూ పరుగులు పెట్టారు. పొటాషియం 7.1 ఉందట. ‘గుండె కరెంటు దెబ్బతింటోంది’ అని కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, రాత్రికి రాత్రే డయాలసిస్ చేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆయన నమ్మడం లేదు. ‘గుండెలో నొప్పే రాలేదు కదా. మా తాత తాగాడు, మా అయ్య తాగాడు, ఇంటి చెట్టు నీళ్లు తాగితే నాకేటవుద్ది’ అంటారు. నేను బీకాం చదివాను, సైన్సు పదో తరగతితో ఆగిపోయింది. ఒంట్లో కరెంటు ఎక్కడిది? వైరు లేకుండా ఎలా పోతుంది? కొబ్బరినీళ్లు దాన్నెలా చెడగొడతాయి? ఎముకలకిచ్చే కాల్షియం గుండెకెందుకు? నాన్నకు ఏం చెప్పాలి? పేరు వేయకండి.
– ఒక కూతురు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, కాళ్లు బరువెక్కాయనగానే ‘రేపు ఎలాగూ డయాలసిస్ ఉంది కదా’ అని ఊరుకోకుండా తీసుకెళ్లారు చూడండి, అదే ఆయన్ని కాపాడింది. పొటాషియం 7.1 అంటే గుండె ఏ నిమిషంలోనైనా ఆగిపోగల స్థితి. మీ నాన్నగారిని భయపెట్టమని చెప్పడం లేదు. మీరు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. మీ నాన్నగారి మాటలో తప్పు లేదు. వాళ్ల తాత తాగాడు, నాన్న తాగాడు, ఏమీ కాలేదు. కొబ్బరినీళ్లు మంచివే. ఆయన కిడ్నీలు పాడవడానికి కూడా అవి కారణం కాదు. ఉద్దానంలో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు, కానీ ఎవరూ బొండాన్ని తప్పు పట్టలేదు. తేడా అంతా ఒక్కటే: ఆ తాతగారికి కిడ్నీలు పనిచేశాయి. గుండె కరెంటును రోజూ కాపాడేది కిడ్నీలేనని చాలామందికి తెలియదు. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడికే చేరుతుంది కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

ఇంట్లో కరెంటు అంటే రాగి తీగలో ఎలక్ట్రాన్ల కదలిక. ఒంట్లో తీగలు లేవు, ఉన్నవి నీళ్లలో కరిగిన ఉప్పులు. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ విడిపోతాయి. ఒక్కోదానికీ విద్యుదావేశం ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం ధనావేశం ఉన్నవి. ఇలా ఆవేశం ఉన్న వాటినే అయాన్లంటారు. అవి ఇటు నుంచి అటు కదిలితే అదీ కరెంటే. ఒంట్లో ఉన్న కరెంటంతా ఇదే.

ఊరికే ఉప్పునీళ్లుంటే కరెంటు పుట్టదు. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉండాలి, మధ్యలో ఒక అడ్డు ఉండాలి. ఆ అడ్డు కణం చుట్టూ ఉండే పొర. కొవ్వుతో చేసిన పొర అది, మందం 5 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే అలాంటివి రెండు లక్షలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. అయాన్లు కొవ్వులోంచి దాటలేవు. వాటి కోసం పొరలో ప్రొటీన్లతో కట్టిన దారులున్నాయి. కొన్ని పొటాషియాన్ని మాత్రమే పోనిస్తాయి, కొన్ని సోడియాన్ని, కొన్ని కాల్షియాన్ని. వీటిని ఛానెళ్లంటారు. అదే పొరలో పంపులు కూడా ఉన్నాయి. ఒక్కో పంపు ఒక్కో విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూ 1957లో పీతల నరాల మీద పనిచేస్తూ ఈ పంపును కనిపెట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, ఆయనకు నోబెల్ వచ్చింది. పంపు నడవడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. కండరంలోంచి ఆ ఏటీపీని మొదట వేరుచేసిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన పని అది. తెలుగువాళ్లు ఇంకా గట్టిగా చెప్పుకోవలసిన విషయమని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పంపులు రాత్రీ పగలూ తిరగడం వల్ల ఏమవుతుందంటే, కణం లోపల పొటాషియం లీటరుకు 140 మిల్లీమోళ్ల (అయాన్ల సంఖ్యను లెక్కించే కొలత) దగ్గర ఉంటుంది, బయట, అంటే రక్తంలోనూ కణాల మధ్య నీటిలోనూ, నాలుగు చిల్లర ఉంటుంది. సోడియం దీనికి తలకిందులు: బయట 140, లోపల 10 నుంచి 15. మీ ల్యాబ్ రిపోర్టులో ‘ఎంఈక్యూ’ అని రాసి ఉంటుంది, సోడియానికీ పొటాషియానికీ ఆ అంకెలో తేడా రాదు. నాన్నగారి 7.1 అన్నది ఈ బయటి పొటాషియమే.

ఇప్పుడు గుండె కండరంలో ఒక కణాన్ని తీసుకుందాం. అది విశ్రాంతిగా ఉన్నప్పుడు పొటాషియం ఛానెళ్లు కొన్ని తెరిచే ఉంటాయి, సోడియానివి దాదాపు మూసి ఉంటాయి. లోపల కిక్కిరిసి ఉన్న పొటాషియం బయటికి పోవాలని చూస్తుంది. పోతూ తన ధనావేశాన్ని వెంట తీసుకుపోతుంది. దాంతో లోపల రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశమే మళ్లీ పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. బయటికి పోయే తోపు, లోపలికి లాగే లాగుడు సమానమైన చోట ఆట నిలబడుతుంది. ఆ నిలిచిన చోట కొలిస్తే పొరకు లోపలివైపు, బయటికంటే 90 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. మైనస్ 90 అని రాస్తాం. ఒక వోల్టులో పదో వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ పొర ఎంత పల్చనిదో చూశాం. అంత పల్చని పొర మీద అంత వోల్టేజి అంటే, మీటరు మందానికి లెక్కకడితే కోటీ ఎనభై లక్షల వోల్టులు. ఛానెళ్లను తెరిపించగలిగేది, మూయించగలిగేది ఆ బలమే.

మీ నాన్నగారి కథకు కీలకం ఇక్కడుంది, కాస్త నెమ్మదిగా చదవండి. ఈ మైనస్ 90ని నిర్ణయించేది లోపల పొటాషియం ఎంత అన్నది కాదు, బయట ఎంత అన్నదీ కాదు, లోపలికీ బయటికీ ఉన్న నిష్పత్తి. 140ని 4తో భాగిస్తే 35. లెక్క ప్రకారం దానికి వచ్చే వోల్టేజి మైనస్ 94. కొంచెం సోడియం లోపలికి కారుతూ ఉంటుంది కాబట్టి అసలు కొలత మైనస్ 90 దగ్గర ఉంటుంది. బయట పొటాషియం 7 అయిందనుకోండి, 140ని 7తో భాగిస్తే 20. వోల్టేజి మైనస్ 79కి పడిపోతుంది. పెరిగింది మూడే మిల్లీమోళ్లు. సోడియం 140 నుంచి 143కి పెరిగితే గుండెకు తెలియను కూడా తెలియదు. పొటాషియం అదే మూడు పెరిగితే ఒంట్లోని ప్రతి గుండె కణం, ప్రతి కండర కణం తన వోల్టేజిని కోల్పోతుంది. బయట అంత తక్కువగా ఉండడమే దానికి కారణం.

ఇప్పుడు బొండం లెక్క. కొబ్బరినీళ్లలో పొటాషియం రకాన్నిబట్టి, కాయ వయసునుబట్టి మారుతుంది. 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాములు అనుకుందాం. రెండు బొండాలు కలిపి 600 మిల్లీలీటర్లంటే 1,500 మిల్లీగ్రాములు, అంటే సుమారు 38 మిల్లీమోళ్లు. 60 కిలోల మనిషి ఒంట్లో కణాల బయట తిరిగే పొటాషియం మొత్తం కలిపినా 60 మిల్లీమోళ్ల దగ్గరే ఉంటుంది. మిగతా మూడు వేల మిల్లీమోళ్లు కణాల లోపల ఉన్నాయి. రెండు బొండాలతో మీ నాన్నగారు బయటి పొటాషియంలో సగానికి మించి ఒక్కసారిగా ఒంట్లోకి పోసుకున్నారు.

మీరో నేనో తాగితే? తాగిన కాసేపటికి ఇన్సులిన్ పెరిగి కణాల పంపులను తొందరపెడుతుంది, పొటాషియం తాత్కాలికంగా కణాల్లోకి వెళ్లిపోతుంది. తర్వాత కొన్ని గంటల్లో కిడ్నీలు ఆ అదనాన్ని మూత్రంలో పంపేస్తాయి. రక్తంలో అంకె కదిలినట్టే ఉండదు. రోజూ మనం తినే పొటాషియంలో 90 శాతం దాకా బయటికి పంపేది కిడ్నీలే. మీ నాన్నగారికి మొదటి ఏర్పాటు కొంతవరకు ఉంది, రెండోది లేదు. పైగా ఆయన తాగింది ఆదివారం. గురువారం డయాలసిస్ అయ్యాక శుక్ర, శని, ఆదివారాలు తిన్నదంతా అప్పటికే పోగుపడి ఉంది. ఆ వారంలో అంతకంటే ప్రమాదమైన రోజు ఇంకొకటి లేదు.

సరే, కరెంటు ఎలా పోతుందని అడిగారు.

గుండె పైభాగంలో, కుడివైపు గదిలో, పెద్ద సిర వచ్చి కలిసేచోట చిన్న కణాల గుంపు ఉంది. ఎస్ఏ నోడ్ అంటారు. మిగతా కణాల్లా ఇవి మైనస్ 90 దగ్గర నిలకడగా కూర్చోవు. వాటి పొరలో కొంచెం కొంచెంగా ధనావేశం లోపలికి కారుతూనే ఉంటుంది. వోల్టేజి మెల్లగా పైకి జరిగి, ఒక గీత దాటగానే సంకేతం పుడుతుంది, మళ్లీ కిందికి దిగుతుంది, మళ్లీ జరుగుతుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు. మెదడు చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఒకరి గుండెను ఇంకొకరికి మార్చినప్పుడు నరాలు తెగిపోయినా ఆ గుండె తనంతట తానే కొట్టుకుంటుంది.

ఆ సంకేతం పక్క కణానికి చేరగానే అక్కడి వోల్టేజి మైనస్ 90 నుంచి కొంచెం పైకి లేస్తుంది. మైనస్ 70 దగ్గరికి రాగానే సోడియం ఛానెళ్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. బయట కాచుకుని ఉన్న సోడియం లోపలికి దూకుతుంది. ఒకటి రెండు మిల్లీసెకన్లలో లోపలివైపు మైనస్ పోయి ప్లస్ 20, 30కి చేరుతుంది. వెంటనే సోడియం ఛానెళ్లు మూసుకుంటాయి. నరంలో అయితే కథ అక్కడికే, ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. గుండెలో కాల్షియం ఛానెళ్లు తెరుచుకుని ఆ ప్లస్‌ను సుమారు 200, 300 మిల్లీసెకన్లపాటు నిలబెడతాయి. కండరం ముడుచుకోవడానికి కావలసింది ఈ కాల్షియమే. చివరికి పొటాషియం బయటికి ప్రవహించి కణాన్ని మళ్లీ మైనస్ 90కి దింపుతుంది. రోజుకు లక్ష సార్లు, ప్రతి కణంలోనూ ఇదే వరస. ఒక్కో స్పందనకు అటూ ఇటూ మారే అయాన్లు అతి స్వల్పం, వాటిని పంపులు ఎప్పటికప్పుడు సర్దేస్తాయి.

వైరు లేకుండా ఎలా పోతుందంటే, ఒక చోట పుట్టిన కరెంటు దూరానికి ప్రయాణం చేయదమ్మా. ప్రతిచోటా మళ్లీ కొత్తగా పుడుతుంది. దీపావళికి సీమటపాకాయల జడ కాలుస్తాం కదా. ఒకటి పేలితే పక్కదాని వత్తి అంటుకుంటుంది, అది పేలి దాని పక్కదాన్ని అంటిస్తుంది. మొదటి టపాకాయలోని మందు చివరిదాకా పోదు, అంటుకోవడం మాత్రమే పోతుంది. అందుకే ఎంత పొడుగు జడైనా చివరి టపాకాయ మొదటిదానంత గట్టిగానే పేలుతుంది. గుండెలో సోడియం ఒక కణంలోకి దూకితే ఆ కణానికీ పక్కదానికీ మధ్య ఉన్న సన్నటి సందుల్లోంచి కాస్త ఆవేశం పక్క కణంలోకి జారుతుంది. దాని వోల్టేజి గీత దాటుతుంది, దాని సోడియం ఛానెళ్లు తెరుచుకుంటాయి. టపాకాయ ఒకసారే పేలుతుంది, కణం మాత్రం క్షణంలో మళ్లీ సిద్ధమవుతుంది.

అలా పుడుతూ పుడుతూ పోతుంది కాబట్టే దీని వేగం ఇంటి కరెంటు వేగంతో సాటిరాదు. 1850లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం వేగాన్ని కొలిచేదాకా, అది కొలవలేనంత వేగమని ఆయన గురువు ముల్లర్ సహా పెద్దపెద్దవాళ్లు నమ్మేవారు. తీరా చూస్తే సెకనుకు సుమారు 30 మీటర్లే. మన ఒంట్లో అన్నిటికంటే వేగమైన నరాల్లో సెకనుకు 120 మీటర్ల దాకా ఉంటుంది. గుండెలో ఇంకా నెమ్మది, ఒక్కోచోట ఒక్కోలా. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న ఏవీ నోడ్‌లో సెకనుకు 5 సెంటీమీటర్లే. ఆ ఆలస్యం కావాలి. పై గదులు రక్తాన్ని కిందికి పూర్తిగా పంపేదాకా కింది గదులు ఆగాలి కాబట్టి. అది దాటాక పుర్కింజీ పోగులనే ప్రత్యేక దారుల్లో సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగం అందుకుంటుంది, కింది గదుల కండరమంతా దాదాపు ఒకేసారి ముడుచుకుంటుంది. ఈ వరస చెదరకుండా ఉంటేనే రక్తం ముందుకు పోతుంది.

ఈ మొత్తం వ్యవహారం ఒంటి పైన ఒక మిల్లీవోల్టు దగ్గర చిన్న అలగా కనిపిస్తుంది. లైడెన్‌లో ఐంథోవెన్ అనే డచ్ శాస్త్రవేత్త దాన్ని స్పష్టంగా గీయగల యంత్రం చేసి 1924లో నోబెల్ అందుకున్నారు. మీ నాన్నగారికి తీసిన ఈసీజీ దాని వారసురాలే.

ఇక ఆ ఆదివారం సాయంత్రం ఏం జరిగిందో చూద్దాం. పొటాషియం 7 దాటడంతో కణాలు మైనస్ 90 దాకా దిగలేకపోయాయి. మైనస్ 80 చుట్టుపక్కల ఆగిపోయాయి. గీతకు దగ్గరగా ఉంటే సులువుగా పేలాలి కదా అనిపిస్తుంది. మొదట్లో కొంత అలాగే జరుగుతుంది కూడా. కానీ సోడియం ఛానెల్‌కు రెండో తలుపు ఒకటుంది. ఒకసారి పనిచేశాక మూసుకునే తలుపు అది. మళ్లీ సిద్ధం కావాలంటే కణం బాగా మైనస్‌లోకి దిగాలి. దిగకపోతే ఆ తలుపు చాలా ఛానెళ్లలో మూసే ఉండిపోతుంది. తెరుచుకోగల ఛానెళ్లు తగ్గేకొద్దీ సోడియం దూకుడు తగ్గుతుంది, ఒక కణం పక్కదాన్ని అంటించడం మందగిస్తుంది. ఈసీజీలో ముందుగా, ప్రతి స్పందన చివర వచ్చే టీ అల గుడారంలా మొనదేలుతుంది, ఎందుకంటే బయట పొటాషియం పెరిగితే కణాలు త్వరగా కిందికి దిగుతాయి. తర్వాత పై గదుల అల చదునవుతుంది. ఆ తర్వాత కింది గదుల అల వెడల్పవుతుంది. ఇంకా పెరిగితే అలలన్నీ కలిసిపోయి ఒకటే మెలికగా మారతాయి. దాని తర్వాత గుండె ఆగుతుంది. డాక్టర్లు పరుగులు పెట్టింది ఆ మెట్లలో ఒకటి కాగితం మీద కనిపించడం వల్లే.

కాళ్లు బరువెక్కడం కూడా ఇదే. కాలి కండరాల్లో ఉన్నవీ అవే ఛానెళ్లు, అదే పొటాషియం. చాలామందికి ఆ బలహీనత కూడా తెలియదు, మీ నాన్నగారికి ఆ హెచ్చరిక దొరికింది. నొప్పి ఎందుకు రాలేదంటే, మనం గుండెనొప్పి అనేది సాధారణంగా కండరానికి రక్తం అందనప్పుడు వచ్చేది. ఆ సాయంత్రం రక్తం అందుతూనే ఉంది, కరెంటు దారే చెదిరింది. అది నొప్పి పుట్టించదు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడమే ఈ సమస్యలో అన్నిటికన్నా భయపడాల్సిన విషయం, మీ నాన్నగారికి తప్పకుండా చేరాల్సిన మాట ఇదే.

కాల్షియం సంగతి. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్ కప్ప గుండెను బయటికి తీసి ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా చేసేవారు. కుళాయి నీళ్లతో కలిపిన ద్రావణంలో బాగా కొట్టుకున్న గుండె, డిస్టిల్డ్ నీళ్లతో కలిపితే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియమే ఆ తేడా అని ఆయన పట్టుకున్నారు. పొటాషియం, కాల్షియం ఒకదానికొకటి సరితూగితేనే గుండె నడుస్తుందని కూడా చూపించారు. ఆస్పత్రిలో ఆర్‌ఎల్ అని ఎక్కించే సెలైన్, రింగర్స్ లాక్టేట్, ఆయన పేరుదే. ఆ రాత్రి ఇచ్చిన ఇంజెక్షన్ రక్తంలోని పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు. పొటాషియం అంతే ఉన్నా గుండె కరెంటు వరసలో నడిచేలా కొన్ని నిమిషాల్లోనే చేస్తుంది. దాని కాపు అరగంట నుంచి గంట దాకా. ఆ వ్యవధిలో మిగతా పని చేయాలి. గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చి ఉంటారు, అది పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. ఆస్తమావాళ్లకిచ్చే నెబ్యులైజర్ మందు కూడా పెట్టి ఉండొచ్చు, అదీ అదే పని చేస్తుంది. ఇవన్నీ దాచిపెట్టడమే. ఒంట్లోంచి నిజంగా తీసేసింది డయాలసిస్.

పొటాషియం శక్తి ఎంతటిదో ఇంకో మాట చెబుతాను. గుండె ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్లు గుండెను కావాలనే ఆపుతారు. దానికి వాడే ద్రావణంలో ముఖ్యమైన పదార్థం పొటాషియమే. మనిషిని హార్ట్-లంగ్ మెషీన్ మీద ఉంచి, లెక్కప్రకారం ఇచ్చి, పని కాగానే కడిగేసి గుండెను మళ్లీ నడిపిస్తారు. ఇంట్లో మంచం మీద ఉన్న మనిషికి ఆ మెషీన్ ఉండదు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సినవి. కొబ్బరినీళ్లతోపాటు మీ ప్రాంతంలో దొరికే పనస, అరటి, జీడిపప్పు, మునగాకు, ఇంకా టమాటా, బంగాళాదుంప, పళ్లరసాలు – వీటన్నిటి గురించి డయాలసిస్ సెంటర్లో అడిగి, ఏది ఎంతవరకో రాయించుకోండి. నెలనెలా వచ్చే పొటాషియం అంకెను బట్టి ఆ మోతాదులు మారతాయి, అందుకే నేను ఇక్కడ అంకెలు ఇవ్వడం లేదు. కూరగాయలు, దుంపలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలావరకు పోతుంది. బీపీకి మంచిదని అమ్మే ‘లో సోడియం’ ఉప్పును ఇంట్లోకే రానివ్వకండి. అందులో సోడియానికి బదులు కలిపేది పొటాషియమే, కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో దీనివల్ల ప్రమాదం తెలియకుండా వస్తుంది. నీరసంగా ఉందని ఓఆర్ఎస్ కలిపి ఇవ్వకండి, అందులోనూ పొటాషియం ఉంటుంది. బీపీ మాత్రల్లో కొన్ని, నొప్పి మాత్రల్లో కొన్ని పొటాషియాన్ని పెంచుతాయి, కాబట్టి కొత్త మాత్ర ఏదైనా ముందు కిడ్నీ డాక్టర్‌కు చూపించాలి. ఉన్న మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పించవద్దు. కాళ్లు, చేతులు బరువెక్కినా, నాడి బాగా నెమ్మదించినా, గుండె దడగా ఉన్నా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకుండా ఈసీజీ తీయగల చోటికి వెళ్లండి, కిడ్నీ పేషెంటని మొదటే చెప్పండి.

ఇంట్లో మిగతావాళ్లు బొండాలు నిశ్చింతగా తాగొచ్చు. కాకపోతే ఆయన ఎదురుగా వద్దు. సొంత చెట్టు కాయ తాను తప్ప అందరూ తాగుతుంటే చూస్తూ కూర్చోవడం చిన్న బాధ కాదు. డయాలసిస్‌లో నీళ్లకు కూడా లెక్క ఉంటుంది కాబట్టి ఆయన దాహం కూడా మనం ఊహించగలిగేది కాదు. దాహానికి చిన్న ఐసుముక్క చప్పరించడం, నిమ్మచెక్క నాలుకకు రాసుకోవడం లాంటివి కొందరికి ఊరటనిస్తాయి, ఆయనకిచ్చిన నీటి లెక్కలోనే కలుపుకుని ప్రయత్నించండి.

ఆయనకు ఎలా చెప్పాలన్నారు. మాటలతో వాదించకండి. ఆస్పత్రి ఫైల్లో రెండు ఈసీజీలు ఉంటాయి: ఆదివారం రాత్రి తీసింది, డయాలసిస్ అయ్యాక తీసింది. రెండోది లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు ఒకటి తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టండి. ఆ కాగితం మీద ఒక్కో చిన్న గడి సెకనులో 25వ వంతు. ప్రతి స్పందనలో నిటారుగా లేచి పడే గీత కింది గదులది. బాగున్నప్పుడు అది మూడు చిన్న గళ్ల లోపే అయిపోవాలి. ఆదివారం కాగితంలో అది ఎన్ని గళ్లు పట్టిందో ఆయన్నే లెక్కపెట్టమనండి. దాని తర్వాత వచ్చే అల ఎంత మొనదేలిందో వేలితో చూపించండి. దానికి ముందు ఉండాల్సిన చిన్న అల ఆ కాగితంలో ఉందో లేదో వెతకమనండి. మీకు గుర్తుపట్టడం కష్టమైతే డయాలసిస్ సెంటర్లో డాక్టర్‌ను ఐదు నిమిషాలు అడగండి, నాన్నగారి ఎదుటే చూపించమనండి. ‘ఇది నువ్వు బొండాలు తాగిన రాత్రి నీ గుండె గీసిన గీత నాన్నా, ఇది కడిగేశాక గీసింది’ అని చెప్పండి.